జంగయ్య కొట్టంలో హాస్టలు

సంగారెడ్డిలో ఒక హాస్టలు ఓనరును జంగయ్య నోటితో కాదు, నడుముతో ఓడించాడు. ఆ కొట్లాటను కళ్లారా చూసిన మనిషి బుల్లెమ్మ. కొట్లాటల విషయంలో బుల్లెమ్మ మాటకు ఊళ్లో విలువుంది. ఎందుకంటే ఊళ్లో సగం కొట్లాటలు ఆమెవే.

మేనల్లుడు చిన్నరాములును కాలేజీలో వేయడానికి జంగయ్య సంగారెడ్డి పోతుంటే, అంగట్లో పనుందని బుల్లెమ్మ కూడా అదే బస్సెక్కింది. హాస్టలంటే మరేం లేదు, బస్టాండు వెనక సందులో రెండంతస్తుల ఇల్లు. గదికి ఇన్ని మంచాలని లెక్క లేదు. తలుపు మూసుకోగలిగినంత వరకు మంచాలే. జంగయ్య లోపలికి పోగానే చెప్పులు విడిచి, ఒక ఇనుప మంచమెక్కి వెల్లకిలా పడుకున్నాడు.

"ఏందయ్యా, ఉండేది పిల్లగాడా నువ్వా?" అన్నాడు ఓనరు.

"పిల్లగాడు రేపటి సంది పండుకుంటడు. ఇయ్యాల నేను పండుకుంట. నడిమిట్ల గుంత ఉన్నది సారూ."

"గుంత ఏడిది? కొత్త మంచం."

"కొత్త గుంతే. నువ్వొచ్చి పండుకొని చూడు."

"నేనెందుకు పండుకుంట?"

"నువ్వు పండుకోకపోతె నేను లెవ్వ."

లేవలేదు. చిన్నరాములు సిగ్గుతో గోడవైపు తిరిగాడు. పిల్లలను చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులంతా గుమ్మం దగ్గర గుమిగూడారు. జంగయ్య మంచం దిగకుండానే వాళ్లందరికీ తన క్షేమ సమాచారం చెప్పాడు: "తలకాయ ఈడ్నే ఉన్నది. కాళ్లు ఆడున్నయి. నడుము ఒక్కటే కింది ఇంటికి పోయింది." గుమ్మంలో వాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లు తమ పిల్లల మంచాలను కూడా అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. ఇక తప్పదని ఓనరు పక్క మంచం మీద పడుకున్నాడు. పడుకున్నవాడు లేవలేకపోయాడు. మనిషి భారీ. చాటలో పోసిన బియ్యంలా నడిమికి జారిపోయాడు. ఇద్దరు చేతులు పట్టి లాగి, ఒకరు వీపు నెట్టి లేపారు.

"చెక్క ఏపిస్త," అన్నాడు ఓనరు నడుము పట్టుకొని.

"అన్నిటికి," అన్నాడు జంగయ్య, ఇంకా పడుకునే.

"అన్నిటికి! లే నాయినా."

అప్పుడు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. తిరుగు బస్సులో బుల్లెమ్మ దారి పొడుగునా పెదవి విరుస్తూనే ఉంది.

"గిదేం కొట్లాట జంగయ్యా! ఒక్క తిట్టు లేకపాయె."

"గెలిచినం గద వదినె."

"తిట్టకుంట గెలిస్తె ఉప్పు లేని కూర తిన్నట్టుంటది."

జంగయ్యకు బీడీ లేదు, పేకాట లేదు, కల్లు కూడా పండుగ నాడే. ఉన్న పిచ్చి ఒక్కటే. ఊళ్లో ఎవరి పిల్లలు చవక హాస్టలుకు పోతున్నా, పోయేముందు వారం రోజులు తన ఇంటి వెనక కొట్టంలో హాస్టలు ప్రాక్టీసు చేసి పోవాల్సిందే. ఒకప్పుడు ఆ కొట్టంలో బర్రెలుండేవి. బర్రెలను అమ్మి ఆ జాగాలో హాస్టలు పెట్టాడు. పాలు పోయినా పేడ వాసన ఉండిపోయింది. "ఉండనియ్, అసలు హాస్టలు వాసన దీనికంటె తక్కువనే ఉంటది," అనేవాడు.

ఈ పిచ్చి ఆయనకు కంపెనీలో అంటుకుంది. పటాన్‌చెరులో నీళ్ల మోటార్లు చేసే ఒక కంపెనీలో జంగయ్యది ప్యాకింగు సెక్షను. మోటారును చెక్కపెట్టెలో పెట్టి, చుట్టూ గడ్డి కూరి, మేకులు కొట్టి, లారీ ఎక్కించే ముందు ఒక పెట్టెను ఎత్తు మీదినుంచి నేల మీదికి వదులుతారు. పగిలితే ప్యాకింగు మళ్లీ చేయాలి. పగలకపోతే ఢిల్లీ దాకా భయం లేదు.

"మేమే పడేస్తం వదినె," అని జంగయ్య గర్వంగా చెప్పేవాడు. "ఇక్కడ పగలనిది అక్కడ పగలదు."

"మోటార్లు, పిల్లలు ఒక్కటేనారా?"

"ఒక్కటెట్లయితయి? మోటారుకు ఇల్లు యాదికి రాదు. పిల్లలకు వస్తది. అందుకే ఇంకా గట్టిగ పడెయ్యాలె."

తమాషా ఏమిటంటే, జంగయ్య బతుకులో ఒక్కరోజు కూడా హాస్టలులో ఉండలేదు. చుట్టాల పెళ్లికి పోయినా అప్పగింతలు కాకముందే ఊరి బస్సు పట్టుకునే రకం. ఒడిశా నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో ఒక్కో గదిలో కిక్కిరిసి ఉండే కంపెనీ పిల్లలను అడిగి అడిగి హాస్టలు శాస్త్రమంతా నేర్చుకున్నాడు. ఆ పిల్లలు తమ గది గురించి ఎంత చెడ్డగా చెబితే ఈయన ముఖం అంత వెలిగిపోయేది.

కొట్టంలో ఒక ఇనుప మంచం. దాని నడుమ గుంత జంగయ్య స్వయంగా తొక్కి చేసింది. స్నానానికి ఒకే ఒక్క బకెట్ నీళ్లు. ఒంటికి సబ్బు రాసుకున్నాక బయటినుంచి తలుపు మీద దబదబా బాదేవాడు: "జల్దీ! ఎనక లైనున్నది!" వెనక లైనులో ఎవరూ ఉండరు, కోళ్లు తప్ప. మొదటి రోజే పిల్లల సబ్బు దొంగతనం చేసేవాడు. సబ్బు పోయిందని గట్టిగా అడిగితే పాసు. నోరు మూసుకుంటే ఫెయిలు. "అడగకపోతె హాస్టలు నిన్నే సబ్బు లెక్క అరగదీస్తది బిడ్డా," అనేవాడు.

కొట్టం దాటితే జంగయ్య. కొట్టంలోకి వస్తే వార్డెను సారు. కట్టుకున్న సత్తెమ్మ కూడా ఆ గడప దాటితే సారూ అనే పిలవాలి. పాపం, అసలు కష్టమంతా సత్తెమ్మదే. ఆమె చేతి పప్పు తిన్నవాళ్లు వేళ్లు నాకి, గిన్నె కడిగే పని మిగల్చరు. అంతటి మనిషి చేత జంగయ్య హాస్టలు పప్పు వండించేవాడు.

"సారూ, పప్పయింది."

"ఇన్ని నీళ్లు పొయ్యి."

"ఇప్పటికే అడుగు కనవడుతున్నది సారూ."

"గిన్నె అడుగేనా? ముఖం కనవడాలె."

"ఈ చేతులతోటి గిసొంటి నీళ్లు పోస్తె మా తల్లిగారింటి ఇజ్జత్ ఏం గావాలె?" అని సత్తెమ్మ కళ్లొత్తుకునేది. కొంగు చాటున ఇంత తొక్కు తెచ్చి పిల్లల కంచంలో పెట్టబోయేది. సారు పట్టుకునేవాడు. పట్టుకున్న తొక్కును నేరానికి సాక్ష్యంగా తనే తినేసేవాడు.

నవ్వేవాళ్లు నవ్వారు. కాని చిన్నరాములు దసరాకు వచ్చి చెప్పిన మాటతో ఊరంతా నోరు మూసుకుంది. "మామా! ఆడి పప్పుల పప్పున్నది!" అన్నాడు వాడు, పెళ్లి భోజనం తిని వచ్చినట్టు. తోటి పిల్లలు ఆ పప్పును చూసి ఏడుస్తుంటే వీడు రెండోసారి పెట్టించుకున్నాడట. అదే ఏడు, మాకెందుకీ పిచ్చి ప్రాక్టీసని నేరుగా పోయిన కొమురయ్య కొడుకు, బట్టల సందూకు అక్కడే వదిలి, సందూకు కంటే ముందు ఇంటికొచ్చాడు. ఆ తర్వాత జంగయ్య కొట్టానికి గిరాకీ పెరిగింది.

బుల్లెమ్మ ఇవన్నీ గోడవతలినుంచి చూసి నవ్వుకునేది. తన ఇంటిదాకా వస్తుందని అనుకోలేదు.

ఆమె కొడుకూ కోడలూ భివండి బట్టల మిల్లులో పనికి పోయినప్పుడు సుమిత్ర చంటిపిల్ల. అప్పటినుంచీ నాయినమ్మ దగ్గరే పెరిగింది. బుల్లెమ్మ చదివింది రెండో తరగతి. అది కూడా వానకాలం మాత్రమే, ఎండకాలం పత్తి చేనుకు పోయేది. కాని మనవరాలు ఇంటరు పాసైన రోజు, చదివినదంతా తనే అన్నట్టు వీధి వీధి తిరిగింది. ఆ గర్వం హైదరాబాదులో నర్సు ట్రైనింగుకు సీటొచ్చేదాకా ఉంది. సీటొచ్చిందనగానే ఆవిరైంది.

"హాస్టలు ఎందుకే? పటాన్‌చెరు దాక మన ఊరి బస్సు, ఆడినుంచి ఇంకో బస్సు. పోయి రారాదు?"

"పొద్దుగాల ఆరింటికే డ్యూటీ నాయినమ్మా. మన ఊరి ఫస్టు బస్సే ఏడింటికి."

"ఆ డ్రైవరును జెర ముందు లెవ్వమను."

"నేను చెప్తె లేస్తడా?"

"నేను చెప్త."

చెప్పింది కూడా. డ్రైవరు దండం పెట్టాడు గాని ముందు లేస్తానని మాత్రం అనలేదు.

అసలు సంగతి బస్సు కాదు. పడుకునేటప్పుడు సుమిత్ర నాయినమ్మ కొంగును చుట్టచుట్టి చెంప కింద పెట్టుకుంటుంది. చిన్నప్పటి అలవాటు. పెద్దదైనా మానలేదు. ఆ బరువు కొంగు మీద లేకపోతే బుల్లెమ్మకు తను పడుకున్నట్టే ఉండదు. ఈ ముక్క నోటికి రాదు. ఊళ్లో ఎవరినైనా ఏమైనా అనగలిగే ఆ నోటికి ఈ ఒక్క ముక్క రాదు. అందుకని ఒక ఎత్తు వేసింది. సాయంత్రం జంగయ్య డ్యూటీ నుంచి రాగానే గోడ దగ్గరికి పిలిచింది.

"జంగయ్యా, పోరిని నీ కొట్టంల వారం దినాలు ఉంచు. ఉంటె పంపుత. ఏడ్సుకుంట వచ్చిందా, ఇగ హాస్టలు మాట ఎత్తొద్దు."

కొంగు లేకుండా దానికి ఒక్క పూట నిద్ర పట్టదు, మర్నాడు పొద్దున్నే గోడ దూకి వస్తుందని బుల్లెమ్మ లెక్క. జంగయ్య ఆమె ముఖం కాసేపు చూశాడు.

"మంచిది వదినె. కాని రూలు రూలే. మల్ల ఐతారం దాక నువ్వు కొట్టం దిక్కు రావొద్దు."

"నా పిల్లను చూడనీకి నాకు రూలేంది?"

"రూలు పిల్లకు కాదు, ఇంటోళ్లకే," అని వార్డెను సారు లోపలికి పోయాడు.

సోమవారం సుమిత్ర సందూకు పట్టుకొని, గోడ చుట్టూ తిరిగి, జంగయ్య గడప దాటింది. మధ్యలో ఉన్నది ఆ ఒక్క గోడే. ఆడపిల్ల గనుక కొట్టంలో సత్తెమ్మ రూమ్మేటుగా చేరింది. రూమ్మేటు అంటే గురక పెట్టాలని సారు ఆర్డరు. సత్తెమ్మకు ఆర్డరు అక్కర్లేదు, సహజంగానే ఉంది.

పొద్దు గూకే వేళకు బుల్లెమ్మ అలవాటుగా రెండు కంచాలు తీసింది. ఒకటి మళ్లీ బోర్లించింది. చింతచిగురు పప్పు వండింది, పిల్లకు ఇష్టం. తనకు పెద్దగా ఇష్టం లేదు. గిన్నె ముందు పెట్టుకొని కూర్చుంది. ముద్ద కలిపింది, నోట్లోకి పోలేదు. గోడవతల సుమిత్ర ఏదో అంటే సత్తెమ్మ నవ్వడం వినిపించింది. రోజంతా పక్కనే ఉన్నప్పుడు ఆ గొంతును బుల్లెమ్మ ఎప్పుడూ ఇంత చెవి పెట్టి వినలేదు. ఉండబట్టలేక పప్పుగిన్నె పట్టుకొని కొట్టం గేటు దగ్గరికి పోయింది.

"ఎవరది?" అన్నాడు జంగయ్య.

"నేను!"

"నేనంటె?"

"ఇన్నేండ్ల సంది గోడవతల ఉంటున్న దయ్యాన్ని. తలుపు తియ్యి."

"ఎవరి తాలూకు?"

"నీ అయ్య తాలూకు! పిల్లకు పప్పు తెచ్చిన."

"బయటి కూరలు లోపటికి రావు. ముందుగాల వార్డెను చెక్ చెయ్యాలె." గిన్నె అందుకొని, గేటు దగ్గరే నిలబడి, వేలితో నాకి నాకి మొత్తం చెక్ చేశాడు. ఖాళీ గిన్నె తిరిగిచ్చాడు. "ఉప్పు జెర తక్కువున్నది వదినె."

"ఉప్పు తక్కువనా? నా పప్పులనా? నీ నాలికెకు కంపెనీ తుప్పు పట్టింది! నీ కొట్టంల నీళ్లు తాగే మొఖానికి పప్పు రుచేం తెలుస్తది?" బుల్లెమ్మ అందుకున్నది మామూలు అందుకోవడం కాదు. అయిదారిళ్ల వాళ్లు వాకిళ్లలోకి వచ్చారు. జంగయ్య తల గోక్కుంటూ లోపలికి పోయాడు. బుల్లెమ్మ ఇంటికొచ్చి, తిట్లు ఇంకా మిగిలి ఉండగానే, గంజులో మిగిలిన అన్నమంతా మజ్జిగ పోసుకొని తినేసింది. తిన్నానన్న సంగతి కంచం కడిగేటప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున సుమిత్ర గోడ దూకి రాలేదు. గోడ పగులులోంచి బుల్లెమ్మ చూసింది. పిల్ల అద్దం లేకుండా తల దువ్వుకుంటోంది. పాపిట వంకర పోయింది. అటు పోయి సరిచేయాలని చేతులు పీకాయి. గోడ మీద చేయి వేసి అక్కడే నిలబడింది.

దీపాలు పెట్టే వేళ, సరిగ్గా కంచాల దగ్గరికి చేయి పోయే వేళ, జంగయ్య వాకిట్లో నిలబడ్డాడు.

"వదినె! నీ జామకొమ్మ మా హాస్టలు మీదికొచ్చింది."

"హాస్టలు కాదు, కొట్టమను. ఆ కొమ్మ నీ కొట్టం కంటె ముందు పుట్టింది."

"ఆకులు రాలుతున్నయి."

"జామచెట్టుకు ఆకులు రాలక అంగీలు రాల్తయా?"

"సప్పుడుకు పిల్లకు డిస్టర్బ్ అయితది."

"ఆకు రాలితె డిస్టర్బా! నీ పెండ్లాం గురక పెడితె లారీలు ఆగుతున్నయి, దానికి కాదా డిస్టర్బు?"

జంగయ్య మళ్లీ తల గోక్కున్నాడు. "రేపొస్త," అని పోయాడు. బుల్లెమ్మ గెలిచింది. గెలిచిన నోటికి ఆకలెక్కువ. ఆ పూట రెండోసారి కూడా వడ్డించుకుంది.

తర్వాతి రోజు మోరీ నీళ్లు తన వాకిట్లోకి వస్తున్నాయని వచ్చాడు. మోరీ ఎటు పారుతుందో తెలియని మొగోడని తిట్టించుకొని పోయాడు. ఆ మర్నాడు కోడిపుంజు మీద పడ్డాడు.

"నీ కోడి మా హాస్టలు టైముకు కూస్తలేదు వదినె."

"నా కోడి సూర్యుని టైముకు కూస్తది. నీ గడియారం తెచ్చి దాని మెడకు కట్టు."

"కోడికి గడియారం చూసుడు వస్తదా?"

"నీకొస్తదా?"

చూసేవాళ్లు కడుపు పట్టుకొని నవ్వారు. బుల్లెమ్మకు మాత్రం ఒక మూల అనుమానం తగిలింది. సంగారెడ్డి ఓనరును మంచం మీద పండబెట్టిన మనిషి, ఇంత చేతగాని కొట్లాట ఎందుకు చేస్తున్నాడు? వయసు మీద పడిందేమో అనుకుంది. జాలి పడింది కూడా. అయినా దీపాల వేళకు వాకిట్లోకి వచ్చి, కొంగు నడుముకు చుట్టి, సిద్ధంగా నిలబడటం మానలేదు. పగలంతా ఇల్లు ఊడుస్తూ, బియ్యం ఏరుతూ, ఇవాళ వాడేమంటే నేనేమనాలని తిట్లు నూరుకుంటూనే ఉంది. పక్క వేసినప్పుడు మాత్రం కొంగు తేలికగా, గాలికి కదిలేంత తేలికగా ఉండేది. దాన్ని తనే చుట్టచుట్టి తన చెంప కింద పెట్టుకునేది.

శనివారం సాయంత్రం సుమిత్ర గోడ మీదినుంచి తల పెట్టింది. పాపిట ఇప్పుడు సక్కగా ఉంది. అది చూడగానే బుల్లెమ్మ చాటలో బియ్యం మరింత గట్టిగా చెరిగింది.

"నాయినమ్మా, నేను పాసైన. సబ్బు కూడా లొల్లి చేసి తెచ్చుకున్న. తాత ఇగ పోవచ్చన్నడు."

"ఊఁ."

"కాని నేను పోను."

బుల్లెమ్మ చేతిలోని చాట ఆగిపోయింది.

"నేను పోతె నీకెవరున్నరు? ఒక్కదానివి బువ్వ తింటవా? నాకు నిద్ర పడుతున్నది నాయినమ్మా. నీకు పడుతున్నదో లేదో అని రంది."

వారం రోజులుగా ఏ మాట కోసం కాచుకుందో ఆ మాట గోడ దిగి, నడిచి వచ్చి ఒళ్లో కూర్చుంది. మరో ఊఁ అంటే చాలు. సందూకు ఇటు వచ్చేస్తుంది, కొంగు మళ్లీ బరువెక్కుతుంది. పిల్ల కళ్లలో నీళ్లున్నాయి గాని, అవి పిల్ల తన కోసం పెట్టుకున్నవి కావు, నాయినమ్మ కోసం పెట్టుకున్నవి. బుల్లెమ్మకు అది కనబడింది. నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి కేక: "వదినె! నీ కోడి మా హాస్టల్ల జొరవడ్డది!"

బుల్లెమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"నాకెవరున్నరా? అదుగో, వాడున్నడు గద, మీ తాత! వాని లొల్లి ఇంకా ఒడువలేదు. మోరీది ఉన్నది, జామకొమ్మది ఉన్నది, కోడిది కొత్తగ షురూ చేసిండు. నాకు తీరికెక్కడిది? నువ్వు పోయి చదువుకో బిడ్డా. నేను వీని సంగతి చూస్త." అని వాకిట్లోకి పోయింది. ఆ రోజు జంగయ్యను తిట్టిన తిట్లలో సగం ఏడుపు కలిసి ఉంది. దూరం నుంచి వినేవాళ్లకు తెలియలేదు. దగ్గర నిలబడి తిన్నవాడు మాత్రం తల వంచుకొని అన్నీ తిన్నాడు.

మర్నాడు సుమిత్ర వెళ్లిపోయింది. సందూకు జంగయ్యే నెత్తిన పెట్టుకొని బస్సెక్కించాడు. బస్సు రుద్రారం మలుపు తిరిగేదాకా బుల్లెమ్మ కండక్టరుతో సందూకు గురించి కొట్లాడుతూనే ఉంది, బస్సు ముందుకు పోతున్నా, ఆయనకు వినిపించకపోయినా.

ఆ తర్వాత కూడా జంగయ్య వస్తూనే ఉన్నాడు. బాయి గిరక చప్పుడని ఒక రోజు, పొయ్యి పొగ అని ఒక రోజు. బుల్లెమ్మ గెలుస్తూనే ఉంది, తింటూనే ఉంది. ఉన్నట్టుండి ఒక సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. నూరిపెట్టుకున్న తిట్లు పులిసిపోతున్నాయి. అన్నం చల్లారిపోతోంది. మూడో రోజు ఆమే సత్తెమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుంది.

"మీ ఆయన ఏడి? లొల్లికి వస్తలేడు. పానం బాగలేదా?"

"సెకండు షిఫ్టు పడ్డదక్కా, నడిరాత్రికి గాని వస్తలేడు," అని సత్తెమ్మ నవ్వు ఆపుకోలేక పైట అడ్డం పెట్టుకుంది.

"ఎందుకే ఇకిలిస్తున్నవు?"

"పొద్దుగాల లేస్తె గదే రంది అక్కా ఆయనకు. ఇయ్యాల వదినెతోటి ఏం లొల్లి పెట్టుకోవాలె అని నా పానం తింటడు. జామకొమ్మ నేను చెప్పిందే. మోరీ కూడ నేనే. కోడి లొల్లి మాత్రం ఆయనే సొంతంగ తీసిండు. ఆఖరి దినం అది రాకపోతె పట్టుకొచ్చి కొట్టంల ఏసిండు."

బుల్లెమ్మ కొంగు నడుముకు చుట్టబోయి ఆగిపోయింది.

"ప్రాక్టీసు పిల్లలకెందుకక్కా? వాళ్లు రెండు దినాలల్ల అలవాటైతరు. లారీ పోయినంక ఖాళీ గోదాం సప్పుడు చేస్తది, మాట్లాడితె మన మాటే మర్లొస్తది, ఆ గోదామును ఎవ్వలు ప్యాకింగు చెయ్యరు అంటడు. చిన్నరాములు తల్లికి నోరు లేకపాయె, లొల్లి పెట్టుకోరాదు. ఆమె ఇంట్ల మేకపిల్లను కట్టేసి, జెర చూడు మల్ల తీస్కపోత అని చెప్పి ఇంతవరకు పోలేడు. నీకు నోరున్నదని నీకు లొల్లి పెట్టిండు."

బుల్లెమ్మ లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. "అంటె నేను గెలిచినయన్ని ఉత్తయేనా? వాడు ఓడిపోయిండా, ఓడినట్టు చేసిండా?"

"కోడి కొట్లాట నిజంగనే ఓడిండక్కా. గడియారం మాట అన్నవు గద, ఇంటికొచ్చి ఎంతసేపు ఆలోచించిండో. జవాబు దొరకలే."

ఆ ఒక్కటన్నా నిజమైనందుకు బుల్లెమ్మ కొంచెం శాంతించింది. ఇంటికి పోయి అన్నం వడ్డించుకుంది. తిట్టడానికి ఎవరూ లేరు. గోడవైపు చూస్తూ, నవ్వుకుంటూ, మెల్లగా తిన్నది. ముద్ద ముద్దకూ పిల్ల గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ముద్ద దిగింది.

మర్నాడు పొద్దున, డ్యూటీకి పోకముందు, జంగయ్య సైకిలు బుల్లెమ్మ వాకిట్లో ఆగింది. మనిషి దిగలేదు. ఒక కాలు నేల మీద పెట్టి, హ్యాండిలు అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. పెండ్లాం అన్నీ చెప్పేసిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఏందిరా, ఇయ్యాల పొద్దుగాలనే వచ్చినవు? ఏం మిగిలింది, నా ఇంటి కప్పా?" అంది బుల్లెమ్మ.

"లొల్లికి రాలే వదినె. పని మీద వచ్చిన."

"ఏం పని?"

"యాదన్న కొడుకు హైదరాబాదుల కంప్యూటరు నేర్చుకునేతందుకు పోయిండు గద, మొన్న మన కొట్టంల పాసైనోడు. వాని తల్లి ముత్యమ్మ పొయ్యి ముట్టిస్తలేదట. యాదన్న అటుకులు నానేసుకొని తింటుండు. నేను పోయి మోరీ లొల్లి పెట్టిన. ఆమె నన్ను కూసోబెట్టి, చాయ పోసి, నువ్వన్నదే నిజమన్నా అని ఏడ్సింది. ఇగ నేనేం కొట్లాడాలె? పైంగ నాకు సెకండు షిఫ్టు."

"అయితె?"

"నువ్వు జెర దీపాల యాళ్లకు వాళ్ల వాడకట్టుకు పోయిరా వదినె. ఏదన్న ఒకటి తీసి ముత్యమ్మతోటి గట్టిగ పెట్టుకో. ఏడిపియ్యకు, కోపం తెప్పియ్యి. ఆమె నోరు తెరిచేదాక ఇడువకు."

"గదెంత పని! నేను నోరిప్పితె ఆమె నిలుస్తదా? ఒక్క మాటకే మంచం పడ్తది."

"గదే వదినె నా భయం," అన్నాడు జంగయ్య, చూపు హ్యాండిలు మీదే పెట్టి. "నీ కాళ్లు మొక్కుత, గెలువకు. ఎట్లనన్న చేసి, ఒక వారం దినాలు, ఆమె చేతుల ఓడిపోయి రా."